ఆ మరక మీద ఫాల్స్ సీలింగ్ వద్దు

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. 2009లో లోన్ పెట్టి కొన్నాం. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మాది. లోన్ పోయినేడే తీరింది. మావారు ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. నేను సాయంత్రాలు హాల్లో చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్తాను. అమ్మాయి ఇంటర్ సెకండియర్.

ఈమధ్య మా తోటికోడలు వాళ్లు తెల్లాపూర్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు కొని గృహప్రవేశం చేశారు. తెల్లటి మాడ్యులర్ కిచెన్, సీలింగ్‌లో దాచిపెట్టిన లైట్లు, గోడంతా పరుచుకున్న టీవీ యూనిట్. వచ్చినవాళ్లంతా ఒకటే పొగడటం. ఇంటికి తిరిగొచ్చి తలుపు తీస్తే నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఓ ఆదివారం ఆమె మా ఇంటికొచ్చి, వంటింట్లోకి తొంగిచూసి, "ఇంకా ఈ సిమెంటు అరలేనా అక్కా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటీరియర్ వాళ్లను పిలిపించాను. కిచెన్, వార్డ్‌రోబులు, టీవీ యూనిట్, ఫాల్స్ సీలింగ్, బాల్కనీకి గ్లాసు, అన్నీ కలిపి 8 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. జీఎస్టీ అదనం. నెలాఖరులోపు బుక్ చేస్తే చిమ్నీ ఫ్రీ అట. బెడ్‌రూమ్ పైకప్పు మూల వానాకాలంలో చెమ్మ మరక పడుతుంది, ఫాల్స్ సీలింగ్ వేస్తే అది కూడా కనబడదన్నారు. ఎండాకాలం వేడి తగ్గుతుందని కూడా చెప్పారు. లోన్ తీసుకుందామంటే మావారు ఔననరు, కాదనరు. "చూద్దాంలే" అని పేపరు తీసుకుంటారు. చుట్టాలను పిలవాలంటే సిగ్గుగా ఉంది. ఈ మాత్రం కోరిక ఉండటం తప్పా? ఉన్నదాంతో సరిపెట్టుకొమ్మని మాత్రం చెప్పకండి. ఆ మాట మా అమ్మ రోజూ ఫోన్‌లో చెప్తూనే ఉంది.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: తప్పు కాదమ్మా. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టి ఇల్లు సొంతం చేసుకున్న మనిషికి దాన్ని కాస్త ముచ్చటగా పెట్టుకోవాలని ఉండదా? సరిపెట్టుకొమ్మని నేనూ చెప్పను. ఆ మాట చెప్పించుకున్నవాళ్లు ఎవరూ సంతోషంగా సరిపెట్టుకున్నట్టు నేను చూడలేదు. కాకపోతే ఆ కొటేషన్ మీద సంతకం మాత్రం పెట్టకండి. ఎందుకో చెప్తాను.

ముందు చెమ్మ మరక సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మీ ఉత్తరం మొత్తంలో మీ ఇల్లు తనంతట తాను చెప్పుకున్న బాధ అదొక్కటే. మిగతావన్నీ తెల్లాపూర్ ఇల్లు చూశాక పుట్టుకొచ్చినవి.

పై అంతస్తులో, అదీ వానాకాలంలోనే చెమ్మ కనిపిస్తోందంటే నీళ్లు డాబా మీది నుంచే దిగుతూ ఉండాలి. ఏడాది పొడుగునా ఉంటే పైపునో, ఓవర్‌హెడ్ ట్యాంకునో అనుమానించాలి. స్లాబు మీద పగులు, పిట్టగోడ స్లాబును కలిసే చోట సందు, వాననీళ్లు పోయే గొట్టం మూతి దగ్గర పేరుకున్న ఆకులూ మట్టీ... ముందు ఈ మూడింటినీ చూడాలి. నీళ్లు లోపలికి దిగితే స్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. పాత ఇళ్లలో పైకప్పు పెచ్చులు ఊడి పడేది అందుకే. దాని కింద ఫాల్స్ సీలింగ్ పేరుతో జిప్సం బోర్డు బిగిస్తే మరక కనబడదన్న మాట నిజమే. మీకు కనబడదు, అంతే. నీళ్లు దిగడం ఆగదు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ బోర్డు కూడా తడిసి, పచ్చబడి, కిందికి జారుతుంది. అప్పుడు బోర్డుకు పెట్టిన డబ్బూ పోతుంది, స్లాబు మరమ్మతూ పెద్దదవుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. మరకను బాగుచేద్దామనకుండా దాచిపెడదామన్న మనిషి మాటను మిగతా విషయాల్లో ఎంత నమ్మవచ్చో మీరే ఆలోచించుకోండి.

వేడి గురించి వాళ్లు చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. స్లాబుకూ బోర్డుకూ మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి కిందికి వచ్చే వేడి కొంత తగ్గుతుంది. కానీ అప్పటికే స్లాబు కాలిపోయి ఉంటుంది. ఎండను డాబా మీదే ఆపడం దానికన్నా తేలిక, చవక కూడా. తెల్లటి పూత ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. వేసవి ముందు డాబాకు సున్నం కొట్టించే అలవాటు మనకు కొత్తది కాదు. ఇప్పుడు ఇదే పనికి కూల్ రూఫ్ పెయింట్లు కూడా దొరుకుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆపైన తెల్ల పూత వేయిస్తే చెమ్మకూ వేడికీ ఒకేసారి మందు వేసినట్టే. ఆ తర్వాత కూడా లోపల ఉక్కగా ఉంటే అప్పుడు ఫాల్స్ సీలింగ్ మాట మాట్లాడుకోవచ్చు. అది గది ఎత్తులో అర అడుగైనా తినేస్తుందని, ఫ్యాను ఆ మేరకు నెత్తి మీదికి దిగుతుందని గుర్తు పెట్టుకోండి. మనుషులుండే గదులకు పైకప్పు కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తోంది. మీ ఫ్లాటులో ఎంత ఉందో టేపు పెట్టి కొలిపించండి.

డాబా అందరిదీ కాబట్టి ఈ ఖర్చు మీ ఒక్కరిదే కాదు. "పై అంతస్తువాళ్ల గొడవ, మాకెందుకు?" అని కిందివాళ్లు తప్పించుకోజూస్తారు. మెత్తబడకండి. డాబా ఉమ్మడి ఆస్తి, స్లాబు పాడైతే బిల్డింగుకే నష్టం. మరక ఫొటోలు తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టండి, మీటింగుకు మీవారిని కాదు, మీరే వెళ్లండి. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రుల్లో సగంమంది ఆ బిల్డింగువాళ్లే అయి ఉంటారు, మీ మాట కాదనడం వాళ్లకంత తేలిక కాదు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి. తడి స్లాబు మీద పూతలు నిలవవు.

ఇక డబ్బు. 8 లక్షల మీద జీఎస్టీ 18 శాతం, అంటే 1,44,000. అక్కడికే 9,44,000 అయింది. కొటేషన్‌లో ఈ అంకె చివర్లో చిన్న అక్షరాల్లో ఉండి ఉంటుంది. పర్సనల్ లోన్ 13 శాతం వడ్డీకి, అయిదేళ్లకు తీసుకున్నారనుకుందాం. నెలకు దాదాపు 21,500 కట్టాలి. అయిదేళ్లయ్యేసరికి వడ్డీయే 3,45,000 దాకా కడతారు. బీరువాలకూ లైట్లకూ పెట్టే మొత్తం 12,89,000 దగ్గర తేలుతుంది. మీ అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరేది వచ్చే ఏడే కదా? ఆ నాలుగేళ్లూ పూర్తయ్యేదాకా ఈ వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. మీవారు "చూద్దాంలే" అని పేపరు తీసుకోవడం పిసినారితనం కాకపోవచ్చు. అకౌంట్స్ చూసే మనిషి, ఈ లెక్క ఆయన మనసులో ఎప్పుడో వేసుకుని ఉంటారు. మీతో చెప్తే చిన్నబుచ్చుకుంటారని నోరు మెదపడం లేదేమో. పోయినేడు లోన్ తీరిన రోజున ఆయన ఎలా ఉన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంటీరియర్‌కు పెట్టింది ఇల్లు అమ్మినప్పుడు వెనక్కి వస్తుందని కొందరు చెప్తారు. పాత అపార్ట్‌మెంట్లలో అలా జరగదు. కొనేవాళ్లు ఏరియా చూస్తారు, చదరపు అడుగులు చూస్తారు, ఫ్లాటుతోపాటు ఎన్ని గజాల స్థలం వాటా వస్తుందో చూస్తారు. పదేళ్ల కిందటి టీవీ యూనిట్‌ను చూసి ధర పెంచేవాళ్లు ఉండరు. పైగా "ఇదంతా పీకించాలి" అని బేరమాడతారు.

వంటిల్లు గురించి మాత్రం కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ మనసు చివుక్కుమన్నది అక్కడే.

సిమెంటు అరలను, వాటి మధ్య వేసే కడప బండలను మనవాళ్లు ఊరికే ఎంచుకోలేదు. సింకు కింద పైపు కారినా వాటికేం కాదు. చెదలు తినవు. బియ్యం బస్తా పెట్టినా వంగవు. మాడ్యులర్ కిచెన్ లోపలి పెట్టెలు దేంతో చేస్తారన్నది మీ కొటేషన్‌లో రాసి ఉందా? చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు గానీ, ఎండీఎఫ్ గానీ అయితే నీళ్లు తగిలితే ఉబ్బుతాయి, ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలుగా కావు. మంచిది వేయించాలంటే నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ వేయించాలి. దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మన వంటిళ్లలో రోజూ కడగడం, తుడవడం, నీళ్లు చిమ్మడం ఉంటుంది. పొడిగా ఉండే వంటింటి కోసం గీసిన బొమ్మ మన వాడకానికి ఎన్నాళ్లు తట్టుకుంటుందో అడిగి తెలుసుకోవాల్సిన విషయమే.

గట్టు బండ కూడా మారుస్తారని మీరు రాయలేదు గానీ, తెల్ల కిచెన్ అన్నారు కాబట్టి తెల్ల క్వార్ట్‌జ్ వేద్దామని ఉంటారు. 2009 నాటి ఫ్లాటంటే మీకు నల్ల గ్రానైటే ఉండి ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే నల్ల గ్రానైట్‌ను విదేశాల్లో ఏరికోరి డబ్బు పోసి కొనుక్కుని వంటిళ్లలో పరుచుకుంటారు. మనమేమో దాన్ని సుత్తితో పగలగొట్టించి, రాతిపొడిలో రెసిన్ అనే జిగురు కలిపి చేసిన బండ తెచ్చుకుంటున్నాం. పొయ్యి మీది నుంచి దించిన బాణలిని క్వార్ట్‌జ్ మీద నేరుగా పెడితే ఆ రెసిన్ మాడి మచ్చ పడుతుంది. తెల్లదాని మీద పసుపు పడితే వెంటనే తుడవాలి. తిరగమోత వేసే హడావిడిలో ఎవరికి కుదురుతుంది?

అలాగని ఉన్న వంటిల్లు బ్రహ్మాండంగా ఉందని నేననను. ఆ అరల్లో నిజంగా ఇబ్బంది పెట్టేవి ఉంటాయి. కింది అరలు లోతుగా, చీకటిగా ఉంటాయి. వెనకున్న డబ్బా తీయాలంటే ముందున్న నాలుగూ దించాలి. తలుపులు లేకపోతే బొద్దింకలు. వీటికి లక్షలు అక్కర్లేదు. ఉన్న అరల్లోనే ముందుకు లాగే స్టీలు బుట్టలు అమర్చేవాళ్లు, అల్యూమినియం తలుపులు బిగించేవాళ్లు మీ పక్క వీధిలోనే ఉంటారు. అటక కింద ఒక ఎల్ఈడీ బద్ద బిగిస్తే గట్టంతా వెలుగొస్తుంది. పొగ ఇబ్బంది పెడుతుంటే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను విప్పించి జిడ్డు కడిగించండి. అప్పటికీ తగ్గకపోతే గొట్టం బయటికి పెట్టే చిమ్నీ కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. గట్టు మీ ఎత్తుకు సరిపోక నడుము నొప్పి వస్తుంటే మాత్రం అది వెంటనే మార్పించుకోవాల్సిందే. దానికి పెట్టే డబ్బు దండగని ఎవరన్నా వినకండి. ఇంకొకటి: మీ మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కరెంటు లీకై మనిషికి తగిలితే క్షణంలో సరఫరా ఆపేది అదే. గీజరు వాడే ఇంట్లో అది లేకపోతే టీవీ యూనిట్ గురించి ఆలోచించడమే అనవసరం.

హాలు, బాల్కనీ. మీ ఉత్తరం చదువుతుంటే నాకొకటి అనిపించింది. కొటేషన్ గీసినతను మీ ఇంటికి సాయంత్రం పూట వచ్చి ఉండడు. ట్యూషన్ పిల్లలు వరసగా చాప మీద కూర్చునే చోటును అతను ఖాళీ జాగా అనుకున్నాడు. అక్కడ గోడంతా యూనిట్, దానికెదురుగా పెద్ద సోఫా వస్తే పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? పుస్తకాల సంచులు ఎక్కడ పెడతారు? ఆ హాలు మీకు నెలనెలా డబ్బు సంపాదించిపెడుతోంది, మీకో పేరూ తెచ్చింది. బాల్కనీకి గ్లాసు బిగిస్తే బట్టలెక్కడ ఆరేస్తారు? పై అంతస్తులో వచ్చే ఆ కాస్త గాలీ ఎటు నుంచి వస్తుంది? మీరు రోజూ వాడుకునే వాటిని తీసేసి, ఫొటోలో బాగుండేవి పెట్టడానికి 9 లక్షలు అడుగుతున్నారన్నమాట.

ఒకదానితో ఆగదు కూడా. గోచిని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చుకుని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకుని, ఆవును మేపడానికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ మనందరికీ తెలిసిందే. కొత్త కిచెన్ పక్కన పాత ఫ్రిజ్ వెలవెలబోతుంది. కొత్త టీవీ యూనిట్‌కు ఇప్పుడున్న టీవీ చిన్నదవుతుంది. కొత్త సీలింగ్ కింద పాత టైల్స్ నచ్చవు. ఉన్న టైల్స్ మీదే కొత్తవి వేస్తే తలుపులన్నీ అడుగున కోయాలి. కొటేషన్‌లో ఇవేవీ ఉండవు.

ఇక తోటికోడలి మాట. అసలు బాధ అదే కదా? ఆ ఒక్క మాట లేకపోతే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదేమో. ఆమె మనసులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కొత్త ఇల్లు కొన్న పొంగులో నోరు జారి ఉండవచ్చు. పెద్ద లోన్ నెత్తిన పెట్టుకున్నవాళ్లు తాము చేసింది తెలివైన పనేనని అందరితో అనిపించుకోవాలని చూడటమూ మామూలే. లేదా నిజంగానే పోటీ పెట్టుకుని ఉండవచ్చు. ఏదైనా సరే, దానికి జవాబు బీరువాలతో ఇవ్వలేరు. మీరు సిమెంటు అరలు తీసేస్తే రేపు లిఫ్ట్ పాతదంటారు, కారు పార్కింగ్ ఇరుకంటారు. వాళ్ల కమ్యూనిటీలో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, మీ అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ తవ్విస్తారు? మళ్లీ అంటే, మొహం మాడ్చుకోకుండా "అవును, ఇవే. గట్టిగా ఉన్నాయి, ఎందుకు తీయడం?" అనండి. మీరు నొచ్చుకోవడం లేదని తెలిస్తే ఆమెకే విసుగొచ్చి మానేస్తుంది. వాళ్ల ఇల్లు బాగుంటే బాగుందని మనస్ఫూర్తిగా అనండి, అందులో మీదేం తగ్గదు. నాకూ అలాంటి ఇళ్ల వీడియోలు చూడటం సరదాయే. వాటిలో స్టవ్ పక్కన నూనె గిన్నె, సింకులో అంట్ల గిన్నెలు ఎందుకు ఉండవా అని నవ్వుకుంటూ ఉంటాను.

చుట్టాలను పిలవడానికి సిగ్గన్నారు. మీ ఇంటికి ఇన్నేళ్లుగా వచ్చిపోతున్నవాళ్లలో ఎవరైనా అరలు చూసి రావడం మానేశారా? వచ్చే పండక్కి నలుగురిని పిలవండి. ఈలోగా ఒక పని చేయండి, దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు. అటక మీద ఉన్నవన్నీ దించండి. ఎప్పుడో చెడిపోయిన మిక్సీ, పెళ్లిళ్లలో పెట్టిన, ఒక్కసారీ వాడని గిన్నెల సెట్లు, అమ్మాయి మూడో తరగతి పుస్తకాలు, కుక్కరు వచ్చిన అట్టపెట్టె. మీరు వాడనివి, ఎవరికైనా పనికొచ్చేవి ఇచ్చేయండి. భోగి మంట దాకా ఆగక్కర్లేదు. చాలా ఇళ్లు చిన్నవిగా అనిపించేది చదరపు అడుగులు తక్కువై కాదు, ఇలాంటివి పేరుకుపోయి. ఆ తర్వాత డాబా పని పూర్తయి పైకప్పు బాగా ఆరాక ఇల్లంతా లేత రంగు వేయించండి. ఆరకముందే వేస్తే పెయింట్ బుడగలొస్తుంది. పెయింటర్ "రెండు పూతలు చాలు" అంటే మరక ఉన్న చోట ముందు పాత లప్పం గీయించి, మళ్లీ పట్టించమని దగ్గరుండి చెప్పండి.

ఇవన్నీ చేశాక ఓ ఆర్నెల్లు ఆ ఇంట్లో మామూలుగా ఉండండి. అప్పటికీ ఏదైనా ఒకటి రోజూ చేతికి అడ్డం తగులుతుంటే, అది మీ సొంత అవసరం. దాన్ని లోన్ లేకుండా, చీటీ పాడిన డబ్బుతోనో ట్యూషన్ డబ్బు కూడబెట్టో చేయించుకోండి. వార్డ్‌రోబే కావాలనిపిస్తే వార్డ్‌రోబే. ఒక గదికి, ఒక వడ్రంగితో.

నెలాఖరు ఆఫర్ గురించి కంగారు పడకండి. ఉగాదికి పోతే దసరాకు వస్తుంది, అప్పుడు చిమ్నీతోపాటు హాబ్, అదే గట్టులో బిగించే స్టవ్, కూడా ఫ్రీ అంటారు. ఈ రాత్రి భోజనాలయ్యాక కొటేషన్ కాయితం, పైన నేను వేసిన లెక్క మీవారి ముందు పెట్టి "మీరేమనుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, నేనేం అనుకోను" అనండి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. తర్వాత ఇద్దరూ కలిసి డాబా మీదికి వెళ్లి, ఆ బెడ్‌రూమ్ మూల సరిగ్గా ఎక్కడికి వస్తుందో చూసి రండి. టార్చి తీసుకెళ్లండి, వాననీటి గొట్టం మూతి దగ్గర చెత్త ఉంటే అక్కడికక్కడే తీసేయవచ్చు.